మూడో నాడె

నాగర్‌కర్నూల్,
జూన్ 9, 2025.

వనజ పెద్దమ్మకు సుష్మిత నమస్కారాలు.

మీరు ఫోన్ ఎత్తడం లేదు. పది నెలలుగా చేస్తూనే ఉన్నాను, మహేశ్వర్ కూడా చేస్తున్నాడు. చివరికి మా మాలతి టీచర్ విసుక్కుని, "ఉత్తరం రాయి. పోస్టుల వచ్చింది ఎవరైన చదువుతరు" అన్నారు. స్కూల్లో సెలవు చీటీ తప్ప ఉత్తరమన్నది రాసిన పాపాన పోలేదు నేను. తప్పులుంటే మన్నించండి.

వనపర్తి కాలేజీలో అన్నం గంట కచేరీలు మళ్ళీ మొదలుపెట్టాం. భరత్ మీకు చెప్పే ఉంటాడు. మధ్యాహ్నం పన్నెండూ ముప్పావు నుంచి ఒకటిన్నర దాకా, మైకు లేకుండా, లైబ్రరీ పక్క గదిలో వాయించేవాళ్ళం. నా వయొలిన్, మహేశ్వర్ వేణువు, భరత్ మృదంగం. పిల్లలు టిఫిన్ డబ్బాలు తెరుచుకుని తింటూ వినేవారు. "మనకు తంబుర ఎందుకు, డబ్బ మూతలున్నయి గద" అని భరత్ నవ్వేవాడు. వాడి చోట ఇప్పుడు వంశీ అని ఒక తమ్ముడు వాయిస్తున్నాడు. మంచి చెయ్యి. తాళం తప్పడు.

తప్పింది మేమే. పోయిన వారం అందరి ముందూ తప్పాం. భరత్ వాయించేటప్పుడు రెండు దెబ్బలు పడ్డాక చిటికెడంత ఆగి మూడోది వేసేవాడు, గుర్తుందా? టీచర్ మొదట్లో కోప్పడేవారు, "ఏందిరా, తాళం నడుమ ఊపిరి పీల్చుకుంటున్నవా?" అని. "మా అమ్మ మగ్గం మీద పక్క మనిషి ఇసిరే నాడె కోసం ఆగుతది టీచర్. పక్కన కూసోని కూసోని నా చెయ్యిగ్గూడ అదే వచ్చింది" అనేవాడు. ఆ అలవాటు పోలేదు, పోగా మా ఇద్దరికీ అంటింది. మొన్న నేనూ మహేశ్వరూ ఒకేసారి ఆ చోట ఆగిపోయాం. వంశీ ముందుకు వెళ్ళిపోయాడు. పాట చెదిరింది. అయిపోయాక వంశీ పాపం మెల్లగా అడిగాడు, "అక్కా, ఎవరి కోసం ఆగిన్రు?" అని.

ఆగస్టు 22కి వాడు పోయి ఏడాది నిండుతుంది. ఆ రోజు మీ గద్వాల షెడ్డులో, మగ్గాలు ఆపి అందరూ అన్నానికి లేచే గంటలో, వాడి పేరున కచేరీ చెయ్యాలని ఉంది. వాడి మృదంగం ఇస్తే వంశీ దాని మీదే వాయిస్తాడు. కాదనకండి.

మీ సుష్మిత

*

గద్వాల,
జూన్ 16.

బిడ్డ సుష్మితకు,

నీ జాబు అందింది. నేను చదివింది ఏడో తరగతి, రాయడం అలవాటు తప్పింది. అయినా రాస్తున్నాను, ఫోన్ ఎత్తలేను గనుక. ఆ రోజు ఒంటి గంటకు నేను వాడికి ఫోన్ చేస్తే ఎవరో మొగాయన ఎత్తాడు. "ఈ ఫోన్ ఎవరిదమ్మా?" అని నన్నే అడిగాడు. అప్పటి నుంచి అది మోగితే బోర్లా పెట్టేస్తాను.

మృదంగం ఇవ్వను. కోపంతో కాదు, కారణం చెబుతాను.

మా షెడ్డులో ఆరు మగ్గాలు. నా మగ్గం మీద ఆ రోజు నేస్తున్న చీర ఇంకా అట్లాగే ఉంది. కొంగు చివర ఒక్క జానెడు నేస్తే చీర కోసేయొచ్చు. బుటా కూడా లేదు, సాదా నేతే. దాని మీద దుప్పటి కప్పి, పక్క మగ్గం మీద కూలికి నేస్తున్నాను. గద్వాల చీరకు పోగు మోసే నాడెలు మూడు కదా బిడ్డా, నడుమ నూలుకు ఒకటి, రెండు పట్టు అంచులకు రెండు. రెండు నేను విసురుతాను, మూడోది పక్కన కూర్చున్న మనిషి విసరాలి. నాకు ఎక్కువగా జోగులమ్మే కూర్చుంటుంది. మా వాడకట్టు మనిషే, నోరు పెద్దది, మనసు మంచిది.

వాడి మృదంగం నా పాత మగ్గం పక్కన, వాడు కూర్చునే చోటే పెట్టాను. ఒంటి గంటకు అందరూ మగ్గాలు ఆపి ఇళ్ళకు పోతారు. నేను డబ్బా తెచ్చుకుని అక్కడే తింటాను. అప్పుడది పలుకుతుంది. రెండు దెబ్బలు, చిన్న ఆగుడు, ఒక దెబ్బ. పెద్దగా కాదు. అన్నం నములుతుంటే వినపడదు, నమలడం ఆపితే వినపడుతుంది.

నాకు భయం లేదు. ఆ గంట కోసమే పొద్దున లేస్తున్నాను. దాన్ని ఎట్లా ఇమ్మంటావు? కచేరీ కూడా వద్దు.

ఒక్క మాట అడుగుతాను. ఆ రోజు దారిలో ఉండగా వాడు మీలో ఎవరితోనైనా మాట్లాడాడా?

వనజ

*

నాగర్‌కర్నూల్,
జూన్ 24.

పెద్దమ్మా,

మీరు ఇవ్వనన్నందుకు నాకు బాధ లేదు. అయితే మీరు రాసింది చదివి రెండు రోజులు సరిగా తినలేదు.

మృదంగం పలకడానికి ఒక కారణం ఉంది, భయపడకండి. పక్కన గట్టి చప్పుడైతే బిగించిన తోలు తనంతట తానే అదురుతుంది. నేను ఇంట్లో వయొలిన్ వాయిస్తే మా అమ్మ స్టీలు బిందె కూడా పలుకుతుంది. మీ షెడ్డులో మగ్గం దెబ్బలకు అదీ పలుకుతోంది, అంతే. ఏడాదిగా ముట్టుకోకపోతే తోలు సడలిపోతుంది. ఒకసారి ఎవరైనా తెలిసినవాళ్ళు చూస్తే మంచిది.

మీరు అడిగినదానికి జవాబు. లేదు పెద్దమ్మా, ఆ రోజు వాడు మాతో మాట్లాడలేదు.

కచేరీ సంగతి మరోసారి ఆలోచించండి. వంశీ తన మృదంగమే తెచ్చుకుంటాడు.

సుష్మిత

*

గద్వాల,
జూలై 3.

బిడ్డా,

చదువుకున్న పిల్లవు, జాబు సరిగా చదవలేదు. మగ్గాల చప్పుడుకు పలుకుతుందని నేను రాయలేదు. మగ్గాలన్నీ ఆగాక పలుకుతుందని రాశాను. ఒంటి గంట నుంచి రెండింటి దాకా మా షెడ్డులో ఫ్యాను కూడా తిరగదు.

తోలు సడలుతుందని నువ్వు చెప్పే దాకా ఆగలేదు నేను. వాడు కచేరీకి ముందు ఎడమ వైపు రవ్వ ముద్ద అంటించడం చూసేదాన్ని. ఆ కొలత నాకు తెలియదు. నాకు తెలిసింది పడుగుకు గంజి పెట్టడం. గంజి పడితే పోగు బిగుస్తుంది, తెగదు. అందుకని పడుగుకు పెట్టే గంజే పల్చగా కలిపి రెండు వైపులా పూశాను. వారానికోసారి, పది నెలలు. మొన్న చూస్తే కుడి వైపు నల్లటి మచ్చ నెర్రెలు విచ్చింది. జోగులమ్మ చూసి ఇంత నోరు చేసింది. "ఏందమ్మా వనజా, కొడుకు డోలుకు గంజి పెట్టినవా? అది చీరనుకున్నవా? ఇంగ నీళ్ళల్ల గూడ జాడిస్తవా ఏంది?" అని. నవ్వొచ్చింది నాకు. చాలా రోజులకు నవ్వాను, తర్వాత ఏడ్చాను. వాడు చేత్తో ముట్టుకున్నదాన్ని నా చేత్తో పాడు చేశాను.

నెర్రెలు విచ్చినా ఆ గంటలో పలుకుతూనే ఉంది. ఇప్పుడు మీ చదువులో దీనికేమంటారో రాయి.

ఇంకో సంగతి. నీ జాబులో "లేదు పెద్దమ్మా" అన్న చోట ముందు ఏదో రాసి కొట్టేశావు. ఎంత గట్టిగా కొట్టేశావంటే అక్కడ కాగితం చిరిగింది. నేను నేతదాన్ని బిడ్డా. ఎక్కడ పోగు తెగిందో వేలితో తడిమితే తెలుస్తుంది.

కచేరీ చేసుకోండి. షెడ్డు వాళ్ళతో చెప్పాను. ఆ పూట నేను మానవపాడులో మా చెల్లెలి ఇంటికి పోతాను.

వనజ

*

వనపర్తి,
జూలై 12.

పెద్దమ్మా,

మాలతి టీచర్ ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. ఇంటి దగ్గర రాయలేకపోయాను.

ఆ రోజు వాడు నాతో మాట్లాడాడు. నేనే ఫోన్ చేశాను.

పన్నెండు కొట్టినా వాడు రాలేదు. పిల్లలు అప్పటికే వచ్చి కూర్చుంటున్నారు. కాలేజీ వాళ్ళు మాకు ఆ గది ఇచ్చిందే ముప్పావు గంట, నాకు తల తిరిగిపోయింది. పన్నెండూ పదిహేడుకు చేశాను. బండి మీద ఉన్నాడని తెలుసు. గాలి చప్పుడు వినపడుతూనే ఉంది. అయినా పెట్టెయ్యలేదు, అరిచాను. "ఎప్పుడూ గిట్లనే చేస్తవ్. అరగంటల రాకపోతే నువ్వు లేకుండనే మొదలుపెడ్త. ఇంగ నీ జాగ నీకుండదు" అన్నాను. వాడు నవ్వాడు. "ఆత్మకూరు దాటిన. వస్తున్న వస్తున్న. నా జాగ ఖాళీగ పెట్టు సుష్మీ" అన్నాడు. తర్వాత గాలి చప్పుడొక్కటే వినపడింది. ఫోన్ కట్ అయిందనుకున్నాను.

బండి పడింది మలుపు దగ్గర, పన్నెండుంబావు దాటాక అని పోలీసు కాగితంలో రాశారట. అంటే నా ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే పోయాడు.

నేనేం చేశానో తెలుసా? పన్నెండూ ముప్పావుకు మొదలుపెట్టేశాను. కోపంతో. వాడు లేకుండా, వయొలిన్, వేణువు. వాడి చాప మాత్రం అక్కడే ఉంచాం, ఎప్పుడైనా వచ్చి కూర్చుంటాడని. ముప్పావు గంటా వాడు ఆగే ప్రతి చోటా ఆగాం. ఆగిన ప్రతిసారీ నాకు ఆ మూడో దెబ్బ వినపడింది పెద్దమ్మా. వచ్చేశాడేమోనని రెండుసార్లు తల తిప్పి చూశాను కూడా. అప్పటికి వాడు లేడు.

ఇప్పటికీ వినపడుతోంది. మీకు మగ్గం దగ్గర, నాకు తీగ మీద. మీకు బిందె కథ చెప్పాను గానీ, నాకు నేను చెప్పుకోవడానికి ఏ కథా లేదు.

మీరు ఏమన్నా పడతాను. ఏమీ అనకుండా మాత్రం ఉండకండి.

సుష్మిత

*

గద్వాల,
ఆగస్టు 11.

బిడ్డా,

నెల రోజులు నువ్వు ఎదురుచూసేలా చేశాను. కావాలని కాదు. నాలుగుసార్లు రాసి పొయ్యిలో వేశాను.

నాకు ముందే తెలుసు. పోలీసులు వాడి ఫోన్ ఇచ్చినప్పుడు పక్కింటి పిల్లతో తెరిపించాను. చివరి పేరు నీదే ఉంది. ఏడాదిగా తెలిసీ నిన్ను తిట్టలేదు, పలకరించనూ లేదు. నీ అంతట నువ్వు చెప్పాలని చూశాను. మంచిదాన్నయి కాదు. నీ తప్పు నువ్వు ఒప్పుకుంటే నా తప్పు నేను చెప్పుకోనక్కర లేదనుకున్నాను.

ఆ రోజు జోగులమ్మ రాలేదు, ఆత్మకూరులో బిడ్డ ఇంటికి పోయింది. కొంగు చివరికి వచ్చింది. చీర ఆ సాయంత్రానికి కోయాలని నా పట్టు. పదిన్నరకు వాడు అంగీ వేసుకుని, మృదంగం సంచిలో పెట్టుకుని బయలుదేరుతుంటే పిలిచాను. "జర కూసోరా, జానెడే ఉంది" అన్నాను. కూర్చున్నాడు. తొందరలో పోగు తెంపాడు. చిన్నప్పటి నుంచీ వాడి అలవాటు, ముడి వేస్తే తోక కత్తిరించడు, పొడుగ్గా వదిలేస్తాడు. "తోక కోయరా" అని నేను అరవడం, వాడు వినకపోవడం. ఆ రోజూ అదే అయింది. అయిదు నిమిషాలకోసారి "టైం అయితుందే అమ్మా" అంటున్నాడు. నేను "ఒక్క జానెడే, ఒక్క జానెడే" అంటున్నాను. అట్లా గంట కూర్చోబెట్టాను.

పదకొండున్నరకు లేచేశాడు. మూరెడున్నదాన్ని జానెడని పిలిచాను, గంట నేసినా ఇంకా జానెడు మిగిలే ఉంది. నాకు మండిపోయింది. "పో. నీ కచేరి నాకంటె ఎక్కువైంది నీకు" అన్నాను. సంచి బరువని మృదంగం కూడా ఇక్కడే వదిలేసి పోయాడు, "కాలేజిది ఆడ ఉంటది తియ్యి" అంటూ. వాకిట్లో నిలబడి, "వచ్చి కూసుంటనే అమ్మా, ఎక్కడికి పోత" అన్నాడు. నేను తల ఎత్తలేదు.

ఒంటి గంటకు ఫోన్ చేసింది ఆ మాట అన్నందుకే. "కచేరి మంచిగయిందా బిడ్డా" అని అడుగుదామనుకున్నాను.

నేను ఆ గంట కూర్చోబెట్టకపోతే నీకు ఫోన్ చేసే పని లేదు. నువ్వు ఫోన్ చెయ్యకపోతే వాడు ఒంటి చేత్తో బండి నడిపేవాడు కాదు. ఎవరిది ఎక్కువో తూచడానికి నాకు శక్తి లేదు.

ఇరవై రెండున రండి. వాడి చాప తీసుకురా. నేను మానవపాడు పోవడం లేదు.

వనజ

*

నాగర్‌కర్నూల్,
ఆగస్టు 25.

పెద్దమ్మా,

ఆ రోజు మనిద్దరం సరిగా మాట్లాడుకోలేదు. బస్సు వచ్చే దాకా మీరు బస్టాండులో నా చెయ్యి పట్టుకునే ఉన్నారు. అందుకే మళ్ళీ రాస్తున్నాను. చివర్లో మీరు కళ్ళు మూసుకుని నేశారు గనుక, నేను చూసింది మీకు చెప్పాలి.

మీ మగ్గం పక్కన వాడి చాప పరిచి దాని మీద నెర్రెల మృదంగం పెట్టాం. వంశీ ఆ చాపకు ఇవతల కూర్చున్నాడు. నేతవాళ్ళంతా గోడ వెంట కూర్చుని అన్నాలు తింటున్నారు. మొదటి పాట బాగానే సాగింది. రెండోది హంసధ్వనిలో మొదలుపెట్టాం. రెండు దెబ్బలు పడ్డాయి. నేనూ మహేశ్వరూ ఆగాం. ఈసారి వంశీ కూడా ఆగాడు. ఎవరూ మూడో దెబ్బ వెయ్యలేదు. ఆ నిశ్శబ్దంలోనే మీరు లేచి మగ్గం మీది దుప్పటి లాగేశారు. దుమ్ము లేచింది. జోగులమ్మ తింటున్న ముద్ద చేతిలోనే ఉంచుకుని చూసింది. మీరు మగ్గం గుంటలో దిగి కూర్చుని రెండు నాడెలు విసిరి దెబ్బ వేశారు, మూడోదాని కోసం ఆగారు. అంతమందిలో ఎవరూ కదల్లేదు. నేను వయొలిన్ కింద పెట్టి వచ్చి పక్కన కూర్చున్నాను.

నాకేం వచ్చని? మీరు "ఇట్ల పట్టు, ఆ పట్టుపోగు కింద నుంచి తియ్యి, ఇంగ ఇసురు" అంటుంటే విసిరాను. మహేశ్వర్ ఒక్కడే వాయిస్తున్నాడు, మన మగ్గం దెబ్బకు వంశీ చెయ్యి కలుపుతున్నాడు. నాలుగు వేళ్ళంత నేశామేమో. అంతలో మహేశ్వర్‌కు ఊపిరి అందడం లేదని చూసి నేను లేచి వెళ్ళి వయొలిన్ ఎత్తుకున్నాను. జోగులమ్మ వచ్చి నా చోట కూర్చున్నట్టుంది, నా చూపు తీగ మీదే ఉంది గానీ మగ్గం చప్పుడు ఆగలేదు గదా. మీరు జానెడూ నేసేసి చెయ్యి ఎత్తే సరికి మేమూ ముగించాం. ఇంత సరిగ్గా కచేరీ ముగియడం నా ఎరుకలో లేదు.

జోగులమ్మకు నా తరఫున చెప్పండి. ఆమె లేకపోతే ఆ జానెడు మళ్ళీ మిగిలిపోయేది.

సుష్మిత

*

గద్వాల,
సెప్టెంబర్ 4.

బిడ్డా,

చీర కోశాను. సావుకారు మడత విప్పి చూసి, "ఈ అంచేందమ్మా, ఎలకలు కొరికినట్టుంది" అన్నాడు. అది నీ నాలుగు వేళ్ళు. పోగు పట్టిన చోటు కంటే తప్పిన చోటే ఎక్కువ ఉంది. నువ్వు వయొలినే వాయించుకో తల్లీ, మగ్గం జోలికి రాకు. చీర అమ్మలేదు. ఈ జాబుతోనే పంపుతున్నాను, నీకే.

జోగులమ్మకు నీ మాట చెప్పాను. ఆమె నా మొహం కేసి చూసి, "నేనెప్పుడు కూసున్ననే? నువ్వు దుప్పటి లాగంగనే నాకు కండ్ల నీళ్ళాగక బైటికి వచ్చిన. నల్ల కాడ డబ్బ కడుక్కుంట నిలబడ్డ. మీదంత అయినంక లోపటికి వచ్చిన" అంది. షెడ్డులో ఉన్నవాళ్ళందరినీ ఒక్కొక్కరినే అడిగాను. నువ్వు లేచాక ఎవరూ కూర్చోలేదన్నారు. అందరూ మీ ముగ్గురి కేసే చూస్తున్నారట. నేతలో పడి నీ వయొలిన్ నా చెవిన పడలేదు, మూడో నాడె నువ్వే విసురుతున్నావని నేననుకున్నాను. నువ్వు జోగులమ్మ అనుకున్నావు.

చీర నీ చేతికి వచ్చాక కొంగు చివర తీసి చూడు. నీ నాలుగు వేళ్ళు దాటిన చోటు నుంచి అంచు తీరుగా ఉంటుంది, ఒక్క పోగు తప్పలేదు. మధ్యలో ఒక చోట పోగు తెగింది. ముడి వేసి ఉంది. దాని తోక పొడుగ్గా ఉంది, కత్తిరించలేదు. నువ్వూ కత్తిరించకు.

వచ్చి కూర్చుంటానని నాతో అన్నాడు. జాగా ఖాళీగా పెట్టమని నీతో అన్నాడు. ఇద్దరికీ ఇచ్చిన మాట ఒక్క గంటలో తీర్చుకుని పోయాడు. ఏడాది పాటు నన్ను నేను తిన్నాను, నిన్ను నువ్వు తిన్నావు. ఇక చాలు బిడ్డా. నాకు ఏడుపు తగ్గలేదు, కానీ అన్నం సహిస్తోంది.

ఆ రోజు నుంచి మృదంగం పలకలేదు. పదమూడు రోజులుగా నమలడం ఆపి మరీ విన్నాను. ఏమీ లేదు.

అందుకే చెబుతున్నాను. ఇక జాబు రాయకు. ఒంటి గంటకూ రెండు గంటలకూ నడుమ షెడ్డులో నేనొక్కదాన్నే ఉంటాను, చాలా నిశ్శబ్దంగా ఉంటుంది. అప్పుడు ఫోన్ చెయ్యి. ఎత్తుతాను.

పెద్దమ్మ